హెచ్‌ఎస్‌పీ27 చుక్కల వరుస: ఆవేశాన్ని బట్టి ప్రోటీన్లను విడదీసే పనిలో ఒక కేసు

కణాల నుంచి తీసిన ప్రోటీన్లను, అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపే ముందు, వాటి విద్యుదావేశాన్ని బట్టి విడదీసి ఇవ్వడం మా ప్రయోగశాల చేసే పనుల్లో ఒకటి. బయటి పరిశోధకులు నమూనాలు తెస్తారు. మేము ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ (ఆవేశాన్ని బట్టి విభజన), ఆపై ఎస్‌డీఎస్ జెల్ (పరిమాణాన్ని బట్టి విభజన) నడిపి, వారు కోరిన చుక్కలను కోసి విశ్లేషణకు సిద్ధం చేస్తాం. ఈ కేసు అలా వచ్చినదే. సంస్థ, మందు, కణాల రకం, వ్యక్తుల వివరాలు ఇవ్వడం లేదు. ప్రోటీన్ పేరు (హెచ్‌ఎస్‌పీ27, ఒత్తిడిలో కణాన్ని కాపాడే ఒక చిన్న ప్రోటీన్) మాత్రం దాచలేదు. దాని నిర్మాణం గురించి కొంతైనా తెలియకపోతే మేము ఏ దశలో ఎందుకు అలా ఆలోచించామో పాఠకుడికి అందదు.

నేపథ్యం

ప్రోటీన్ మీది నికర ఆవేశం దాని చుట్టూ ఉన్న ద్రావణపు పీహెచ్‌తో మారుతుంది. ఆమ్ల మాధ్యమంలో లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్‌ల ధనావేశానిదే పైచేయి. పీహెచ్ పెరిగేకొద్దీ ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల ఋణావేశం బయటపడి దాన్ని మించిపోతుంది. రెండూ సరితూగి నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్‌ను ఆ ప్రోటీన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ అని, పొట్టిగా పీఐ అని అంటాం. ఒక చివర ఆమ్లంగా, మరో చివర క్షారంగా ఉండేలా పీహెచ్ వాలు కట్టిన సన్నని జెల్ స్ట్రిప్‌లో ప్రోటీన్లను ఉంచి వోల్టేజీ ఇస్తే, ప్రతి ప్రోటీనూ తన పీఐ ఉన్న చోటికి చేరి ఆగుతుంది. అక్కడి నుంచి పక్కకు జరిగితే దానికి మళ్ళీ ఆవేశం వస్తుంది, వెంటనే వెనక్కి వస్తుంది.

1975లో ప్యాట్రిక్ ఓఫారెల్ ఈ విభజనను ఎస్‌డీఎస్ జెల్‌తో జోడించి, ఈ. కోలై ప్రోటీన్లను ఒకే జెల్ మీద వెయ్యికి పైగా చుక్కలుగా విడదీసి చూపాడు. అప్పట్లో పీహెచ్ వాలును ద్రావణంలో కదిలే యాంఫోలైట్లతో (ధన, ఋణ ఆవేశాలు రెండూ మోయగల చిన్న అణువులతో) కట్టేవారు. జెల్ నడుస్తుండగానే అది ఋణధ్రువం వైపు జారిపోతుండేది. 1982లో వాలును జెల్‌లోనే రసాయనికంగా బిగించే పద్ధతి వచ్చిన తర్వాతే రెండు చోట్ల నడిపిన జెల్‌లను పోల్చి చూడటం నమ్మదగిన పనిగా మారింది.

మొదటి దశలో ఎస్‌డీఎస్ వాడలేం. అది ప్రతి ప్రోటీన్‌నూ ఋణావేశంతో కప్పేసి సహజమైన తేడాలను మాయం చేస్తుంది. అందుకే ప్రోటీన్లను విప్పి కరిగించడానికి ఆవేశం లేని యూరియా, థయోయూరియాలను ఎక్కువ గాఢతలో వాడతాం. సాధారణంగా 7 మోలార్ యూరియా, 2 మోలార్ థయోయూరియా, వాటితోపాటు 4 శాతం చాప్స్ (ఒక డిటర్జెంట్), కొంత డీటీటీ (ప్రోటీన్‌లోని గంధకపు బంధాలను తెంచేది) ఉంటాయి. ఈ కేసుకు మూలం ఆ మొదటి పదార్థమే.

వచ్చిన సమస్య

ఒక రీసెర్చ్ స్కాలర్ తన గైడ్‌తో కలిసి జెల్ చిత్రాలు తీసుకొచ్చారు. పెంచిన క్యాన్సర్ కణాలకు ఒక కైనేజ్ (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) నిరోధకాన్ని ఇచ్చి, 0, 6, 12, 24 గంటలకు ప్రోటీన్లు తీసి, తమ సంస్థలోనే పీహెచ్ 3 నుంచి 10 వరకు ఉన్న స్ట్రిప్‌ల మీద నడిపారు. వారి దృష్టి హెచ్‌ఎస్‌పీ27 మీద ఉంది. మందు ఇవ్వని 0 గంటల నమూనాలో ఆ ప్రోటీన్ ఒకే ఎత్తులో, పక్కపక్కనే ఆరు చుక్కలుగా, ఆమ్లం వైపు సాగుతూ కనిపించింది. ఆరు గంటలకు ఒక చుక్క తగ్గింది, పన్నెండుకు మరొకటి తగ్గింది, ఇరవై నాలుగు గంటలకు రెండు మూడు చుక్కలే మిగిలాయి. కైనేజ్‌ను ఆపితే ఫాస్ఫేట్లు తగ్గాలి, ఫాస్ఫేట్ తగ్గితే చుక్క క్షారం వైపు జరగాలి, చిత్రంలో సరిగ్గా అదే కనిపిస్తోంది. చుక్కలన్నీ కోసి, ఏ చుక్కలో ఏ స్థానంలో ఫాస్ఫేట్ ఉందో మాస్ స్పెక్‌లో తేల్చమని వారు అడిగారు.

చుక్కల సంఖ్య నన్ను మొదట ఆపింది. మానవ హెచ్‌ఎస్‌పీ27లో బాగా స్థిరపడిన ఫాస్ఫోరిలేషన్ స్థానాలు మూడు: 15, 78, 82 స్థానాల్లోని సెరీన్లు. పీ38 మార్గంలో పనిచేసే ఎంకే2 అనే కైనేజ్ ప్రధానంగా వీటికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఫాస్ఫేట్ లేని రూపం, ఒకటి ఉన్నది, రెండున్నది, మూడున్నది అని లెక్క వేస్తే నాలుగు చుక్కలకు మించి రాకూడదు. ఆరు వచ్చాయంటే కొత్త స్థానాలు ఉండాలి, లేదా ఆవేశాన్ని మార్చే మరేదో జరిగి ఉండాలి. గైడ్ మొదటి అర్థం తీసుకున్నారు. అది అసంబద్ధమేమీ కాదు. ఈ ప్రోటీన్‌లో ఇతర స్థానాల గురించి కూడా ప్రచురితమైన పరిశీలనలు ఉన్నాయి. అందువల్ల నేను ఆ దశలో అభ్యంతరం చెప్పలేదు, కాని చుక్కలు కోయడానికి ముందు ఒకసారి మా దగ్గర నడిపి చూద్దామన్నాను.

ప్రయత్నించినవి

పీహెచ్ 3 నుంచి 10 వరకు సాగిన స్ట్రిప్ మీద హెచ్‌ఎస్‌పీ27 చుక్కలు ఇరుకుగా పడ్డాయి, పక్క ప్రోటీన్ల భాగాలు కూడా కోతలో వచ్చే ప్రమాదం ఉంది. ఫాస్ఫేట్ లేని రూపం పీఐ 6 చుట్టుపక్కల ఉంటుంది కనుక, వారు తెచ్చిన అవే లైసేట్లను (కణాలను కరిగించి తీసిన ద్రావణాలను) పీహెచ్ 4 నుంచి 7 వరకు సాగిన 18 సెంటీమీటర్ల స్ట్రిప్‌ల మీద నడిపాం. చుక్కల వరుస చెదిరిపోలేదు సరికదా, మరింత స్పష్టంగా, దాదాపు సమాన దూరాల్లో పరుచుకుంది. 0 గంటల జెల్‌లో ఆమ్లం చివర ఏడో చుక్క లీలగా కనిపించింది. విభజన శక్తి పెంచితే నిజమైన తేడా, కృత్రిమమైన తేడా రెండూ ఒకేలా మెరుగుపడతాయి కనుక ఈ మెట్టు ప్రశ్నను తేల్చలేదు. చూసినవారికి నమ్మకం మాత్రం పెంచింది.

తర్వాత లాంబ్డా ఫాస్ఫటేజ్ పరీక్ష పెట్టాం. వరుస ఫాస్ఫేట్ల వల్లే వచ్చినదైతే, ఆ ఎంజైమ్ ఫాస్ఫేట్లను తీసేశాక చుక్కలన్నీ క్షారం వైపున్న ఒకే చుక్కలోకి కుదించుకుపోవాలి. యూరియాలో ఎంజైమ్ పనిచేయదు. దానికి మాంగనీస్ అయాన్లు కూడా కావాలి. కనుక మందు ఇవ్వని కణాల నుంచి యూరియా లేని బఫర్‌లో కొత్తగా లైసేట్ తీసి, ఎంజైమ్‌తో ఉంచి, ప్రోటీన్‌ను అవక్షేపించి, ఆ తర్వాత యూరియా ద్రావణంలో కరిగించాలి. ఈ పని అంతా స్కాలర్ తమ ప్రయోగశాలలో చేసి తెచ్చారు. ఫలితంలో వరుస తగ్గింది కాని పోలేదు. ఎంజైమ్ చాలలేదేమోనని మోతాదు పెంచారు, సమయం పెంచారు, అయినా మార్పు లేదు. కొన్ని ఫాస్ఫేట్లు మడతల లోపల దాగి ఎంజైమ్‌కు అందడం లేదని గైడ్ అభిప్రాయపడ్డారు.

దాన్ని పరీక్షించే దారి ఒకటి ఉంది. 82వ సెరీన్ మీది ఫాస్ఫేట్‌ను మాత్రమే గుర్తించే యాంటీబాడీతో, ఎంజైమ్ ఇచ్చిన, ఇవ్వని జెల్‌లు రెండింటినీ బ్లాట్ చేశాం (ప్రోటీన్లను పొర మీదికి దించి, యాంటీబాడీ అంటుకున్న చోట్లు చూశాం). ఎంజైమ్ ఇవ్వని జెల్‌లో ఆమ్లం వైపున్న కొన్ని చుక్కలే వెలిగాయి. ఇచ్చిన దానిలో ఏ చుక్కా వెలగలేదు. అంటే కనీసం ఆ స్థానంలో ఎంజైమ్ తన పని పూర్తిగా చేసింది, అయినా వరుస మిగిలింది. మిగిలినవి దాగిన ఫాస్ఫేట్లే అనాలంటే, 82వ స్థానం తప్ప తక్కినవన్నీ దాగి ఉన్నాయనాలి. అది ఒప్పుకోదగ్గ వాదనగా నాకు అనిపించలేదు.

అదే సమయంలో కోసిన చుక్కలు మాస్ స్పెక్ నుంచి తిరిగి వచ్చాయి. అన్నింటిలోనూ హెచ్‌ఎస్‌పీ27 ఉంది. 82వ స్థానంలో ఫాస్ఫేట్ ఉన్న పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) రెండు చుక్కల్లో దొరికింది, మిగతా వాటిలో ఏ ఫాస్ఫేటూ దొరకలేదు. ఇక్కడ తొందరపడకూడదు. ఫాస్ఫేట్ ఉన్న పెప్టైడ్లు తరచుగా బలహీనమైన సంకేతాన్ని ఇస్తాయి కాబట్టి, దొరకలేదు కనుక లేదు అనే తీర్పు చెల్లదు. గైడ్ కూడా ఇదే మాట అన్నారు, ఆ మాట సరైనదే.

నమూనాలో ఉప్పు, న్యూక్లియిక్ ఆమ్లాలు మిగిలి విభజనను పాడు చేస్తున్నాయేమో చూడమని కోరితే, టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం), ఎసిటోన్‌లతో అవక్షేపించి కూడా నడిపాం. ఉప్పు ఎక్కువైతే ఒక్కో స్ట్రిప్‌కు పెట్టిన 50 మైక్రోఆంపియర్ల హద్దును కరెంట్ తాకి వోల్టేజీ పైకి లేవదు. న్యూక్లియిక్ ఆమ్లాలు ఎక్కువైతే అడ్డంగా చారలు వస్తాయి. విడివిడిగా, గుండ్రంగా, క్రమంగా ఉన్న చుక్కలు వాటి లక్షణం కాదు. అనుకున్నట్టే, అవక్షేపణ వల్ల కొంత ప్రోటీన్ పోయింది గాని వరుస అలాగే ఉంది.

మలుపు

అప్పటివరకు అందరం జెల్‌లో ఒకే మూలను చూస్తున్నాం. హెచ్‌ఎస్‌పీ27 ఉన్న చోటు మాత్రమే పెద్దదిగా చేసి, నాలుగు సమయాలనూ పక్కపక్కన పేర్చి చూస్తున్నాం. నేను పూర్తి జెల్ చిత్రాలను పరిచి, అందరికీ తెలిసిన ప్రోటీన్ల వైపు చూడటం మొదలుపెట్టాను. యాక్టిన్ దాదాపు 42 కిలోడాల్టన్ల ఎత్తులో, పీఐ 5.3 దగ్గర, బీటా, గామా రూపాలు ఆనుకుని దట్టంగా పడుతుంది. ఏ మానవ కణం తెచ్చినా ఆ చోటు కంటికి అలవాటే. 24 గంటల జెల్‌లో అది ఉండాల్సిన తీరులోనే ఉంది. 0 గంటల జెల్‌లో మాత్రం ఆమ్లం వైపు పలచబడుతూ పోయే తోక ఉంది, ఆ తోకలో చుక్కలు లెక్కపెట్టవచ్చు. ట్యుబులిన్ దగ్గర అంతే. పేరు తెలియని చిన్నాచితకా ప్రోటీన్లలో కూడా అనేకం 0 గంటల జెల్‌లో వరుసలు కట్టి, సమయం గడిచేకొద్దీ దగ్గరికి ముడుచుకున్నాయి.

ఒక కైనేజ్‌ను ఆపే మందు యాక్టిన్, ట్యుబులిన్‌లతో సహా కణంలోని సగం ప్రోటీన్ల ఆవేశాన్ని ఒకే దిశలో, ఒకే క్రమంలో మారుస్తుందని ఎవరూ అనరు. కనుక కారణం ప్రోటీన్లన్నింటినీ సమానంగా తాకినదై ఉండాలి. అలాంటివి నాకు తట్టినవి మూడు. ఆస్పరజిన్ నుంచి అమైడ్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం కావడం ఒకటి, ద్రవ్యరాశి 0.984 డాల్టన్లు పెరుగుతుంది, కాని ఒక రోజులో ఇన్ని ప్రోటీన్ల మీద ఇంతగా జరగడం కష్టం. లైసిన్ మీద ఎసిటైల్ చేరడం రెండోది. ధనావేశం ఒకటి పోతుంది, 42.011 పెరుగుతుంది, కాని ఈ మందుకు అలాంటి ప్రభావం ఉందని ఎక్కడా లేదు, పైగా మందు ఇవ్వని కణాల్లోనే మార్పు ఎక్కువగా ఉంది. మూడోది కార్బమైలేషన్. దానిలోనూ లైసిన్ ధనావేశం పోతుంది, 43.006 పెరుగుతుంది, దానికి కావలసినది యూరియా.

అప్పుడు స్కాలర్‌ను కూర్చోబెట్టి, కణాలను గీరి తీసిన క్షణం నుంచి స్ట్రిప్ మీద పోసే వరకు ప్రతి పనీ అడిగి రాసుకున్నాను. ఆమె దాపరికం లేకుండా చెప్పారు. ప్రతి సమయానికీ కణాలను తీసి వెంటనే యూరియా బఫర్‌లో కరిగించారు. నాలుగూ ఒకేసారి నడపాలన్న మంచి ఉద్దేశంతో చివరి నమూనా వచ్చేవరకు మిగతా ట్యూబులను షేకర్ మీద ఉంచారు. "ఐస్ మీద ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగితే, "ఐస్‌లో పెడితే యూరియా గడ్డకట్టేస్తోంది సార్, అందుకే బయటే ఉంచాను" అన్నారు. ఆ మాట నిజమే. ఈ గాఢతలో యూరియా చల్లబడితే స్ఫటికాలు కడుతుంది. బఫర్ సంగతి అడిగాను. యూరియా నీటిలో కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది, బీకరు చేతికి చల్లగా తగులుతుంది, సగం పొడి అడుగునే ఉండిపోతుంది. త్వరగా కరగాలని ఆమె బీకరును 60 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టేవారు. అలా చేసిన సీసా వారాల తరబడి షెల్ఫ్ మీద ఉండేది. అది ఏప్రిల్ నెల, రాత్రిళ్ళు ఆ గదిలో ఏసీ ఆపేస్తారు.

దీంతో సమయాల క్రమం తలకిందులుగా అర్థమైంది. 0 గంటల నమూనా యూరియాలో ఇరవై నాలుగు గంటలు నానింది, 6 గంటలది పద్దెనిమిది, 12 గంటలది పన్నెండు, 24 గంటలది అసలు నానలేదు. మందు ప్రభావం పెరుగుతున్నట్టు కనిపించిన గ్రాఫ్, లైసేట్ బల్ల మీద గడిపిన సమయపు గ్రాఫ్ కూడా అయ్యింది. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి కనుక ఉన్న సమాచారంతో వాటిని విడదీయడం కుదరదు. ఫాస్ఫటేజ్ పరీక్ష ఎందుకు సగంలో ఆగినట్టు కనిపించిందో కూడా ఇక్కడే తేలింది. ఎంజైమ్ పని ముగిశాక ఆ ప్రోటీన్‌ను అదే సీసాలోని ద్రావణంలో రాత్రంతా కరగబెట్టారు.

రసాయనం పాతదే. నీటిలోని యూరియా కొద్దికొద్దిగా అమ్మోనియం సయనేట్‌గా మారుతూ, తిరిగి యూరియా అవుతూ సమతుల్యంలో ఉంటుంది. కాలం గడిచినా, వేడి తగిలినా సయనేట్ పెరుగుతుంది. 1828లో వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారుచేసి రసాయన శాస్త్రంలో పేరు పొందిన సంఘటన ఇదే చర్యకు అవతలి దిశ. సయనేట్ నుంచి వచ్చే ఐసోసయానిక్ ఆమ్లం లైసిన్ అమైనో సమూహానికీ, ప్రోటీన్ మొదటి చివరన ఉన్న అమైనో సమూహానికీ అతుక్కుంటుంది. ఒక్కొక్కటి అతుక్కున్నప్పుడల్లా ఒక ధనావేశం పోతుంది, చుక్క ఒక మెట్టు ఆమ్లం వైపు జరుగుతుంది. స్టార్క్, స్టీన్, మూర్‌లు 1960లోనే యూరియా ద్రావణాల్లోని సయనేట్ ప్రోటీన్లను ఇలా మారుస్తుందని చూపారు. ఈ వరుసలు ఎంత క్రమంగా పడతాయంటే, క్రియాటిన్ కైనేజ్‌ను కావాలనే ఇలా కార్బమైలేట్ చేసి, దాని చుక్కలను పీఐ కొలిచే గుర్తులుగా అమ్మిన రోజులు ఉన్నాయి.

అనుమానాన్ని రుజువు చేయడం

మాస్ స్పెక్ డేటా మా దగ్గరే ఉంది, కొత్తగా ఏదీ నడపనక్కర్లేదు. డేటాబేస్ శోధనలో మనం ఏ మార్పులు వెతకమని చెబుతామో అవే దొరుకుతాయి. మొదటి శోధనలో ఫాస్ఫేట్, మిథయోనిన్ ఆక్సీకరణ మాత్రమే ఇచ్చారు. లైసిన్ మీద కార్బమైల్, ఎసిటైల్ రెండింటినీ చేర్చి మళ్ళీ వెతికాం. ఎసిటైల్‌కూ కార్బమైల్‌కూ తేడా ఒక డాల్టన్ కంటే కొంచెం తక్కువ; ఎసిటైల్ ఉన్న పెప్టైడ్‌లో కార్బన్-13 ఐసోటోప్ వల్ల వచ్చే పక్క శిఖరం దాదాపు అదే చోట పడుతుంది. అందుకే ఎక్కువ రిజల్యూషన్ ఉన్న పరికరం డేటా మీదే ఆధారపడ్డాం.

హెచ్‌ఎస్‌పీ27లో 112, 114 స్థానాల్లో లైసిన్లు దగ్గరగా ఉన్నాయి. మాస్ స్పెక్‌కు ముందు ప్రోటీన్‌ను ముక్కలు చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ సాధారణంగా వాటి తర్వాత కోస్తుంది. ఆమ్లం వైపు చుక్కల్లో 114 దగ్గర కోత పడకుండా 113 నుంచి 123 వరకు సాగిన పెప్టైడ్ దొరికింది, 114వ లైసిన్ మీద 43.006 అదనంగా ఉంది. కార్బమైల్ చేరిన లైసిన్‌ను ట్రిప్సిన్ గుర్తుపట్టదు కనుక కోత తప్పింది. ద్రవ్యరాశి, తప్పిన కోత రెండూ ఒకే సంగతి చెబుతుంటే నేను ఎక్కువ నమ్ముతాను. మరో చిన్న గమనిక: ట్రిప్సిన్ కోసినప్పుడు ప్రతి పెప్టైడ్‌కూ కొత్తగా ఒక అమైనో చివర ఏర్పడుతుంది, ఆ చివర్ల మీద కార్బమైల్ ఎక్కడా లేదు. అంటే ఆ మార్పు కోతకు ముందే జరిగింది.

అయినా ఇది సరిపోదని స్కాలర్‌తో అన్నాను. మొదటి దశ తర్వాత స్ట్రిప్‌ను 6 మోలార్ యూరియా ఉన్న ద్రావణంలో నానబెట్టి రెండో దశకు సిద్ధం చేస్తాం. అప్పుడు కూడా కొంత కార్బమైలేషన్ జరగవచ్చు. అప్పటికే చుక్క అడ్డంగా తన చోటు తీసుకుని ఉంటుంది కనుక, ఆ మార్పు వరుసకు కారణం కాలేదు. మాస్ స్పెక్‌లో కార్బమైల్ దొరకడం వేరు, దాని వల్లే చుక్కలు విడిపోయాయనడం వేరు. రెండోదానికి ప్రయోగం కావాలి.

మందు ఇవ్వని కణాల లైసేట్ ఒక్కటే తయారు చేసి భాగాలు చేశాం. అప్పుడే కలిపి అయాన్లు తీసేసిన యూరియాలో కరిగించి వెంటనే మైనస్ 80 డిగ్రీల్లో పెట్టినది ఒకటి. అదే యూరియాలో ఒక రోజు బల్ల మీద ఉంచినది ఒకటి. 37 డిగ్రీల్లో ఉంచినది ఒకటి. షెల్ఫ్ మీది పాత సీసా ద్రావణంలో కరిగించి ఒక రోజు బల్ల మీద ఉంచినది ఒకటి. అన్నింటినీ ఒకే బ్యాచ్ స్ట్రిప్‌ల మీద, ఒకే ట్రేలో నడిపాం. వెంటనే గడ్డకట్టించిన దానిలో యాక్టిన్ చక్కగా ముడుచుకుని ఉంది, హెచ్‌ఎస్‌పీ27 నాలుగు చుక్కలకు పరిమితమైంది. కొత్త యూరియాలో బల్ల మీద ఉన్నదానికి లేత తోక వచ్చింది. పాత సీసాది 0 గంటల జెల్‌ను దాదాపు అచ్చుగుద్దినట్టు తిరిగి చూపించింది, 37 డిగ్రీలది దాన్నీ మించింది.

పనిచేసినది

పాత లైసేట్లను బాగుచేసే దారి లేదు. కార్బమైల్ సమూహం సమయోజనీయ బంధంతో చేరుతుంది. అవక్షేపించినా, డయాలసిస్ చేసినా పోదు. కనుక మొత్తం సమయాల ప్రయోగం మళ్ళీ చేయమన్నాం. ఇక్కడ ఆలోచించాల్సింది, నాలుగు నమూనాలనూ ఒకేసారి నడపాలన్న స్కాలర్ ఉద్దేశాన్ని కాపాడుతూనే యూరియా సమయాన్ని సమానం చేయడం. అందుకు లైసిస్‌నే చివరికి జరిపాం. ప్రతి సమయానికీ కణాలను తీసి, కడిగి, ద్రవమంతా తీసేసి, పొడి పెల్లెట్‌గా మైనస్ 80లో దాచాలి. నాలుగూ చేతికి వచ్చాక ఒకే గంటలో, ఒకే సీసా బఫర్‌తో కరిగించాలి. కడగడానికి పీబీఎస్ (ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్) వాడితే పెల్లెట్‌లో మిగిలిన ఉప్పు ఫోకసింగ్‌ను దెబ్బతీస్తుంది. దాని బదులు 250 మిల్లీమోలార్ సుక్రోజ్, 10 మిల్లీమోలార్ ట్రిస్ ఇచ్చాం.

యూరియా తయారీలో వేడిని పూర్తిగా నిషేధించాం. గది ఉష్ణోగ్రత దగ్గర మెల్లగా కలుపుతూ కరగనివ్వాలి, 30 డిగ్రీలు దాటకూడదు, ఎంతసేపు పడితే అంతసేపు ఆగాలి. కరిగాక మిక్స్‌డ్ బెడ్ రెజిన్ పూసలు వేసి తిప్పితే సయనేట్‌తో సహా అయాన్లన్నీ వాటికి పట్టుకుంటాయి. కండక్టివిటీ మీటరులో విలువ పడిపోవడం కళ్ళతో చూడవచ్చు. పూసలను వడపోసి తీశాకే చాప్స్ కలిపి, ఒక్కసారికి సరిపోయే చిన్న ట్యూబుల్లో పోసి గడ్డకట్టించాలి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. డీటీటీ, యాంఫోలైట్లు వాడే ముందు కలపాలి.

ఫోకసింగ్‌ను 20 డిగ్రీల దగ్గర నడిపాం. అంతకంటే బాగా చల్లబరిస్తే యూరియా స్ఫటికాలు కడుతుంది, వేడెక్కిస్తే మళ్ళీ సయనేట్. స్ట్రిప్‌లోనే గంటల తరబడి యూరియా ఉంటుంది కదా, అక్కడ కార్బమైలేషన్ జరగదా అని గైడ్ అడిగారు. సయనేట్ ఋణావేశం ఉన్న అయాన్. వోల్టేజీ పెట్టాక అది ధనధ్రువం వైపు కొట్టుకుపోతుంది. నష్టమంతా దాదాపుగా ట్యూబులోనే జరుగుతుంది. బ్రోమోఫినాల్ బ్లూ రంగు ధనధ్రువం చివరకు చేరి పసుపుగా మారడం, వోల్టేజీ అడ్డంకి లేకుండా 8000 వరకు ఎక్కడం చూశాక, ఉప్పు గురించిన అనుమానం కూడా తీరింది.

కొత్త జెల్‌లలో మొదట చూసింది యాక్టిన్‌నే. నాలుగు సమయాల్లోనూ ఒకేలా ఉంది. 0 గంటల దగ్గర హెచ్‌ఎస్‌పీ27 నాలుగు చుక్కలుగా పడింది, నాలుగోది బాగా లేతగా. మూడు స్థానాల లెక్కకు సరిపోయింది. 6 గంటలకే ఆమ్లం వైపు చుక్కలు దాదాపు మాయమయ్యాయి. 12, 24 గంటల జెల్‌లు 6 గంటల దాన్నే పోలి ఉన్నాయి. మందు పనిచేస్తోంది, కాని మెట్లు మెట్లుగా రోజంతా సాగే ప్రభావం లేదు, కొత్త స్థానాలూ లేవు.

ఆవేశంతో సంబంధం లేని సాక్ష్యం కోసం ఫాస్-ట్యాగ్ జెల్ కూడా నడిపాం. అందులో జెల్‌కు అంటుకున్న అణువు మాంగనీస్ సాయంతో ఫాస్ఫేట్‌ను పట్టి, ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్‌ను వెనక ఉంచుతుంది. లైసిన్‌కు ఏమైనా దానికి పట్టదు. ఆ నమూనాల్లో ఈడీటీఏ ఉంటే మాంగనీస్‌ను లాగేస్తుంది కనుక ప్రోటియేజ్ నిరోధకాల మిశ్రమాన్ని అది లేనిదిగా మార్చాం. ఫలితం కొత్త టూ-డీ (రెండు దశల) జెల్‌లతో కలిసింది. ఫాస్ఫటేజ్ పరీక్ష కూడా కొత్త పద్ధతిలో చేస్తే వరుస ఒకే చుక్కలోకి కుదించుకుపోయింది. ఆమ్లం పక్కన కంటికి ఆనీ ఆననట్టు ఒక మరక మిగిలింది; అమైడ్ పోయిన రూపమై ఉండవచ్చు, దాన్ని కోసి చూసేంత ప్రోటీన్ అందులో లేదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నమూనాతో పాటు ఇచ్చే ఫారంలో ఇప్పుడు రెండు గడులు అదనంగా ఉన్నాయి: ప్రతి ట్యూబూ యూరియాలో ఎన్ని గంటలు, ఏ ఉష్ణోగ్రతలో ఉంది, ఆ యూరియా ఏ తేదీన, ఎలా కరిగించారు. ట్యూబుల మధ్య గంటలు సమానంగా లేకపోతే పోలిక కోసం జెల్ నడపం, కేవలం చూడటానికైతే నడుపుతాం. ఆసక్తి ఉన్న ప్రోటీన్‌ను పెద్దదిగా చేసి చూపే ముందు యాక్టిన్ భాగాన్ని నివేదికలో మొదటి చిత్రంగా పెడుతున్నాం. ఫాస్ఫటేజ్ పరీక్ష అడిగినవారికి, ఎంజైమ్ పని పూర్తయిందని చూపే బ్లాట్ లేకుండా ఫలితం ఇవ్వడం మానేశాం. మాస్ స్పెక్ శోధనలో కార్బమైల్‌ను, అడిగినా అడగకపోయినా, చేర్చుతున్నాం.

ఈ చివరి మార్పుకు ఒక హద్దు ఉంది. కార్బమైల్ దొరికిన ప్రతిసారీ తప్పు బల్ల మీదే జరిగిందని తేల్చేయలేం. మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో యూరియా పెరిగినవారిలో హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు శరీరంలోనే కార్బమైలేట్ అవుతాయి. అలాంటి రక్త నమూనాలు వస్తే, యూరియాను అసలు తాకని విడి భాగాన్ని మొదటే పక్కన పెట్టి, దానిలోని కార్బమైల్ మోతాదును వేరే దారిలో కొలిచాకే టూ-డీ జెల్‌కు వెళ్తున్నాం. మొన్న ఒక డయాలసిస్ విభాగం నుంచి ప్లాస్మా నమూనాల గురించి అడిగినప్పుడు, ఈ భాగాన్ని తీసి ఉంచారా అన్నదే మేము అడిగిన మొదటి ప్రశ్న. ఉంచలేదన్నారు, కొత్తగా సేకరించి తెమ్మన్నాం.